రిజర్వేషన్లు దేశ ప్రగతికి నిజంగా అడ్డమా? తిట్లు లేకుండా మాట్లాడుకుందాం

తెనాలి రైతుబిడ్డ

అందరికీ నమస్కారం. ఈ విషయం ఎక్కడ ఎత్తినా రెండు నిమిషాల్లో తిట్ల దాకా పోతుంది. ఇక్కడ రకరకాల ఊళ్లవాళ్లు, రకరకాల కులాలవాళ్లు ఉన్నారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను.

మా అక్క కూతురు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ రాసింది. కన్వీనర్ కోటాలో సీటు కొద్దిలో తప్పిపోయింది. ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషన్ లేని కులాల పేదల కోటా) సర్టిఫికెట్ ఉంది కానీ ఆ సీట్లు ఎన్నని? మేనేజ్‌మెంట్ కోటా ఫీజు మా వల్ల కాదు. కౌలు కట్టి, మందుల కొట్టు బాకీ తీర్చాక చేతిలో ఏం మిగులుతుందో వ్యవసాయం చేసేవాళ్లకి తెలుసు. తనకంటే బాగా తక్కువ మార్కులు వచ్చిన క్లాస్‌మేట్‌కి గవర్నమెంట్ కాలేజీలో సీటు వచ్చింది. వాళ్ల నాన్నగారు పెద్ద ఆఫీసరు. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. కానీ మా పిల్ల ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు.

పదేళ్లకని పెట్టినవి డెబ్బై అయిదేళ్లు దాటినా నడుస్తున్నాయి. మార్కులు కాకుండా కులం చూసి సీట్లు, ఉద్యోగాలు ఇస్తే దేశం ముందుకు పోతుందా? పేదరికం చూసి ఇస్తే సరిపోదా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు అక్క

తమ్ముడూ, పిల్ల బాధ అర్థమైంది. మళ్లీ రాయమనండి. వెటర్నరీ, అగ్రికల్చర్ బీఎస్సీ కౌన్సెలింగులు కూడా వదలొద్దని చెప్పండి.

ఆ పదేళ్ల సంగతి మాత్రం ముందు తేల్చుకుందాం, ప్రతి చర్చలో ఇదే మాట వస్తుంది. రాజ్యాంగంలో పదేళ్ల గడువు ఉన్నది 334వ అధికరణంలో. అది లోక్‌సభ, అసెంబ్లీల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన స్థానాలకు సంబంధించింది. పార్లమెంటు పదేళ్లకోసారి పొడిగిస్తూ వస్తోంది, చివరిసారి 104వ సవరణతో 2030 దాకా పొడిగించింది. చదువుల్లో రిజర్వేషన్‌కి ఆధారం 15(4), ఉద్యోగాల్లో 16(4). ఆ రెండింటికీ గడువు లేదు. ఉండాలని వాదించొచ్చు, అది వేరే విషయం. ఉండేదని, దాన్ని తుంగలో తొక్కారని చెప్పడం సరికాదు.

ఇంకోటి. ఓపెన్ కేటగిరీ అంటే ఓసీల కోటా అని చాలామంది అనుకుంటారు. అది అందరిదీ. మంచి మార్కులు తెచ్చుకున్న ఎస్సీ పిల్ల ఓపెన్‌లో సీటు తెచ్చుకుంటే ఆ సీటును ఎస్సీ కోటాలో లెక్క వెయ్యరు.

డల్లాస్ శ్రీను

రైతుబిడ్డ గారి బాధ నాది కూడా. నాకు అప్పట్లో ఎంసెట్‌లో కోరుకున్న బ్రాంచ్ రాలేదు, మా నాన్న ఇల్లు తాకట్టు పెట్టి చదివించి ఇక్కడికి పంపారు. నాలాంటివాళ్లు దేశం వదిలి రావడానికి ఇదీ ఒక కారణమే. తెలివైనవాళ్లు బయటికి పోతే నష్టపోయేది దేశమే కదా. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కూడా కాలేజీ అడ్మిషన్లలో జాతిని చూడటం చెల్లదని చెప్పింది. కులం పేరు అప్లికేషన్ ఫారంలో ఉన్నంతకాలం కులం పోదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

సింహపురి (రిటైర్డ్ చరిత్ర లెక్చరర్)

శ్రీనూ బాబూ, రిజర్వేషన్లు 1950లో మొదలైనట్టు మాట్లాడుకుంటున్నాం. నిజానికి మన తాతల కాలం నాటివి. 1902లో కొల్హాపూర్ సంస్థానంలో సాహు మహరాజ్ వెనుకబడిన వర్గాలకు సగం ఉద్యోగాలు కేటాయించారు. మన సంగతికొస్తే, కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. సర్కారు కొలువులన్నీ బ్రాహ్మణుల చేతిలో ఉన్నాయని జస్టిస్ పార్టీ పుట్టింది. ఆ పార్టీని నడిపించినవాళ్లలో తెలుగువాళ్లే చాలామంది. పానగల్ రాజా ప్రభుత్వం 1921లో సర్కారు కొలువుల్ని కులాలు, మతాల వారీగా పంచే కమ్యూనల్ జీవో తెచ్చింది. ఆయన మన కాళహస్తి వారే.

తర్వాతి కాలంలో కాలేజీ సీట్లకీ అదే పద్ధతి పెట్టారు. 1951 నాటికి మద్రాసు మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 హరిజనులకు, 1 ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు, 1 ముస్లింలకు. ఆ ఆరు సీట్ల బ్రాహ్మణేతర వర్గంలో ఎవరున్నారు? రెడ్లు, కమ్మలు, వెలమలు, కాపులు. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేస్తే, దాని మీదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) చేరింది.

ఇది ఎవరినీ ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. మొదటి తరం డాక్టర్లను, ఇంజనీర్లను తయారుచేసుకోవడానికి ఆ కులాలకు కూడా ఒకప్పుడు ఈ ఆసరా అవసరమైంది. వాళ్లు దాన్ని వాడుకున్నారు, బాగుపడ్డారు, ఆ బాగుపడటం వల్ల తెలుగు నేల కూడా బాగుపడింది.

ఓరుగల్లు యువ

సార్ చెప్పింది కోస్తా కథ. మా తెలంగాణ కథ ఇంకా దగ్గరిది. హైదరాబాద్ రాజ్యంలో ముల్కీ నిబంధనలు ఉండేవి, కొలువులు స్థానికులకే అని. అవి అమలు కావట్లేదని 1952లో, మళ్లీ 1969లో పిల్లలు ప్రాణాలిచ్చారు. రాజ్యాంగంలో స్థానికుల కోసం 371డి అధికరణం వచ్చింది, దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, అది కూడా ఉల్లంఘించారని సరిచెయ్యడానికి 610 జీవో వచ్చింది. చివరికి నీళ్లు, నిధులు, నియామకాలు అనే రాష్ట్రం తెచ్చుకున్నాం. 2018 ఉత్తర్వు ప్రకారం ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే.

అంటే గుంటూరు పిల్లవాడికి మాకంటే ఎక్కువ మార్కులొచ్చినా ఆ కొలువు మాదే. దీన్ని మెరిట్‌కి దెబ్బ అని మా దగ్గర ఏ కులంవాళ్లూ అనరు. వెనుకపడ్డ ప్రాంతం కాబట్టి న్యాయం అంటారు. ప్రాంతం వెనుకబడితే కోటా న్యాయం, కులం వెనుకబడితే కోటా అన్యాయం ఎట్లయితది? నాకు సమాధానం కావాలి.

డల్లాస్ శ్రీను

మంచి ప్రశ్నే తమ్ముడూ. తేడా ఉందనే అనుకుంటున్నాను. ప్రాంతం మార్చుకోవచ్చు, అక్కడికి వెళ్లి నాలుగేళ్లు చదివితే స్థానికుడివి అవుతావు. కులం అలా కాదు, పుట్టుకతో అంటుకుంటుంది. అందుకే ప్రభుత్వం దాన్ని ముట్టుకోకూడదంటాను.

ఓరుగల్లు యువ

పుట్టుకతో అంటుకుని జీవితాంతం వదలదు కాబట్టే కదా అన్నా, ప్రభుత్వం పట్టించుకోవాల్సింది. అమెరికా మాట తెచ్చారు కాబట్టి చెప్తున్నా, 1965 దాకా ఏ దేశంవాళ్లని ఎంతమందిని రానివ్వాలో దేశాలవారీగా కోటాలుండేవి. నల్లజాతి ప్రజల హక్కుల పోరాటం జరిగిన ఆ రోజుల్లోనే కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చి మనవాళ్లకి దారి తెరుచుకుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అక్కడ ఏ ఫారంలోనూ కులం రాయరు. మరి కులం అక్కడికి ఎలా వచ్చింది?

లెక్కల మాస్టారు

అసలు ప్రశ్న "ప్రగతికి అడ్డమా" అన్నది. దీన్ని పరీక్షించడానికి మనకు కొన్ని ఆధారాలు ఉన్నాయి.

అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కోఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు భారతీయ రైల్వే లెక్కలు తీశారు. రైల్వే అంటే దేశంలోకెల్లా పెద్ద యజమానుల్లో ఒకటి, రిజర్వేషన్ గట్టిగా అమలయ్యే చోటు. 1980 నుంచి 2002 దాకా ఒక్కో జోన్‌లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా ఎంత, ఆ జోన్ ఉత్పాదకత ఎంత అని పోల్చారు. వాటా పెరిగితే పని పడిపోయిందనడానికి ఎక్కడా ఆధారం దొరకలేదు. ఏ, బీ గ్రేడు పోస్టుల్లో, అంటే నిర్ణయాలు తీసుకునే స్థాయిలో, వాళ్ల వాటా పెరిగినప్పుడు ఉత్పాదకత కొంత మెరుగైన సూచనలు కూడా కనిపించాయి.

తమిళనాడు చూడండి. అక్కడ 69 శాతం రిజర్వేషన్. 1994లో 76వ సవరణతో, చట్టాలకు కోర్టు సవాళ్ల నుంచి రక్షణ ఇచ్చే తొమ్మిదో షెడ్యూల్‌లో పెట్టి కాపాడుకున్నారు. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, శిశు మరణాలు తగ్గించడంలో ఆ రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది. రిజర్వేషన్ వల్లే ఇదంతా జరిగిందని నేను అనను, లెక్కలు తెలిసినవాడు అలా అనకూడదు. కానీ రిజర్వేషన్ ఎక్కువైతే రాష్ట్రం కుంగిపోతుందన్న మాట నిజమైతే మొదట కుంగాల్సింది తమిళనాడు. కేంద్ర ఉద్యోగాల్లో బీసీ రిజర్వేషన్ల మీద మండల్ కమిషన్ సిఫార్సులు అమల్లోకి వచ్చింది 1993లో. ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లూ మన ఆర్థిక వ్యవస్థ అంతకుముందు కంటే వేగంగానే పెరిగింది.

ప్రగతి అంటే జీడీపీ ఒక్కటే కాదనుకుంటే ఇంకో లెక్క. 1961లో ఎస్సీల్లో అక్షరాస్యత దాదాపు 10 శాతం, ఎస్టీల్లో 9 శాతం లోపు. 2011కి అవి 66, 59 అయ్యాయి. దేశం సగటు 73. ఇది బడులు, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు అన్నీ కలిసి చేసిన పని. ఊళ్లో ఒకడికి టీచర్ ఉద్యోగం వస్తే ఆ వీధిలో ఎంతమంది పిల్లలు బడికి పోతారో మా వృత్తిలో ఉన్నవాళ్లం కళ్లారా చూశాం.

పీహెచ్‌సీ డాక్టర్

నేను రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్న డాక్టర్ని. ఎంబీబీఎస్‌లో చేరిన మొదటి వారంలో సీనియర్లు పేరు తర్వాత అడిగిన ప్రశ్న "ర్యాంక్ ఎంత?" అని. అది ర్యాంక్ కోసం అడిగిన ప్రశ్న కాదని అక్కడ ఉన్న అందరికీ తెలుసు. పీజీలో ఒక ప్రొఫెసర్ నాకు కేసు ఇవ్వకుండా పక్కవాడికి ఇచ్చేవారు. ఎంత చదివినా ఆ చూపు మారేది కాదు.

తక్కువ మార్కులతో చేరినవాళ్లు తక్కువ డాక్టర్లుగా బయటికొస్తారనే భయం చాలామందికి ఉంది. సీటు వచ్చేదాకానే కటాఫ్ వేరు. లోపలికి వెళ్లాక అనాటమీ నుంచి ఫైనల్ ఇయర్ దాకా పాస్ మార్కు అందరికీ ఒకటే. పేపర్ మీద కులం రాయరు. ఫెయిలైతే సప్లీ రాయాల్సిందే, నేనూ ఒక సబ్జెక్టు రాశాను, నా రూమ్మేట్ కూడా రాశాడు. వాడు మేనేజ్‌మెంట్ సీటు.

మెరిట్ గురించి నిజంగా బెంగ ఉన్నవాళ్లు 2023 నీట్ పీజీ సంగతి కూడా మాట్లాడాలి. సీట్లు మిగిలిపోతున్నాయని ఆ ఏడాది కటాఫ్‌ని అన్ని కేటగిరీలకీ సున్నా పర్సంటైల్‌కి దించారు. ఫీజు కట్టగలిగితే చాలు, పరీక్ష రాసినవాళ్లెవరైనా అర్హులే. దాని మీద ఎవరూ రోడ్డెక్కలేదు.

తెనాలి రైతుబిడ్డ

డాక్టర్ గారూ, ఆ ప్రొఫెసర్ చేసింది ముమ్మాటికీ తప్పు. మేనేజ్‌మెంట్ కోటా మీద మీరన్నదానికి పూర్తిగా ఒప్పుకుంటాను, మా పిల్లని దెబ్బతీసింది అది కూడా. మాస్టారి లెక్కలు కూడా చదివాను. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆఫీసరు కూతురికి, కూలి కూతురికి ఒకే కోటా ఎందుకు?

కొండకోన టీచర్ (పాడేరు ఏజెన్సీ)

ఆ ప్రశ్న దగ్గరికి రావాలంటే మా ఏజెన్సీ బడి దాకా రావాలి అన్నా.

నేను చదువుకున్న రోజుల్లో మా బడికి మైదానం నుంచి మాస్టారు వచ్చేవారు. సోమవారం మధ్యాహ్నం బస్సు దిగేవారు, గురువారం సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవారు. వాగు పొంగితే ఆ వారం బడి లేనట్టే. ఆయన చెడ్డవారేమీ కాదు, పెళ్లాం పిల్లలు నర్సీపట్నంలో, మలేరియా భయం, ఉండటానికి గది కూడా లేదు. పైగా మేం ఇంట్లో మాట్లాడేది కువి. ఆయనకు తెలుగు తప్ప రాదు. ఒకటో తరగతి పిల్లలు కడుపునొప్పి అని చెప్పినా ఆయనకు అర్థమయ్యేది కాదు, పక్కన మూడో తరగతి పిల్లాడు తర్జుమా చేసేవాడు. అలా అర్థంకాక చాలామంది బడి మానేసి పశువుల వెంట పోయారు.

అందుకే 2000 సంవత్సరంలో ఉమ్మడి రాష్ట్రంలో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. దానివల్లే నాకు ఉద్యోగం వచ్చింది, నాతోపాటు వేలమందికి వచ్చింది. నేను బడి పక్క ఊళ్లోనే ఉంటాను. వానకి వాగు పొంగినా బడి తెరుస్తాను. మా పిల్లలకి "నీళ్లు" అనే మాట మొదట కువిలో చెప్పి తర్వాత తెలుగులో రాయిస్తాను. ఇదంతా మార్కులో కనపడదు, డీఎస్సీ ర్యాంకులో కనపడదు.

2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం కేటాయించడం రాజ్యాంగానికి విరుద్ధమని, మిగతావాళ్ల అవకాశాన్ని పూర్తిగా మూసేయడమేనని చెప్పింది. అప్పటిదాకా జరిగిన నియామకాలను మాత్రం ఉంచారు, రెండు తెలుగు రాష్ట్రాలూ మళ్లీ ఇలాంటి ప్రయత్నం చెయ్యకూడదన్న షరతుతో. నూరు శాతం తప్పైతే ఎనభై ఇవ్వండి, డెబ్బై ఇవ్వండి, లేదంటే మా భాష వచ్చినవాళ్లకే పోస్టు అనండి. ఏదో ఒకటి చెయ్యకపోతే మళ్లీ గురువారం బస్సు రోజులే వస్తాయి.

దేశ ప్రగతి అంటున్నారు కదా. మా ఊరు కూడా దేశంలోనిదే.

పాలమూరు అక్క

సార్, మీ పోస్టు మా ఆఫీసులో ఇద్దరికి చదివి వినిపించాను. భాష వచ్చినవాళ్లకే పోస్టు అనే మాట మీద మీ సంఘాలు గట్టిగా నిలబడాలి.

కడప కాథలిక్

మధ్యలో ఒక చిన్నమాట. కులం హిందూ మతంలోనే ఉంటుందని చట్టం అనుకుంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మా తాత చర్చికి వెళ్లాడు కాబట్టి మాది బీసీ-సి, ఆ వర్గానికి కోటా ఒక్క శాతం. మా ఊళ్లో మా శ్మశానం ఇప్పటికీ వేరే. మతం మారితే వీధి మారలేదు.

దండోరా

రైతుబిడ్డ అన్నా, ఆఫీసరు కూతురు, కూలి కూతురు అనే ప్రశ్న మేం ముప్ఫై ఏళ్ల క్రితమే మా ఇంట్లోనే అడిగాం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది ఆ ప్రశ్నతోనే. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం కాగితం మీద అందరిదీ. కానీ ముందుగా చదువు అందిన కులాలకే ఎక్కువ పోయింది. మాదిగలకు తక్కువ, రెల్లి, డక్కలి లాంటివాళ్లకి దాదాపు ఏమీ లేదు.

1997లో ఎస్సీ కులాలను ఏ, బీ, సీ, డీలుగా విభజించారు, దాన్నే వర్గీకరణ అంటాం. ఏకి (రెల్లి వర్గం) 1 శాతం, బీకి (మాదిగ వర్గం) 7, సీకి (మాల వర్గం) 6, డీకి (ఆది ఆంధ్ర వర్గం) 1. అది ఉన్న కొద్ది కాలంలోనే మా ఇళ్లలో టీచర్లు, ఇంజనీర్లు కనపడ్డారు. 2004లో ఈవీ చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లదంది. ఆ ఇరవై ఏళ్లు ఎంతమంది పిల్లల వయసు దాటిపోయిందో. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరు-ఒకటి తేడాతో ఆ తీర్పుని పక్కన పెట్టి, వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. తెలంగాణ 2025 అంబేద్కర్ జయంతి నాటి నుంచి మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాలు అమలు చేస్తోంది. ఆంధ్రలో 1, 6.5, 7.5.

మేం కోటా వద్దనలేదు. మా వాటా మాకు చేరాలన్నాం. కోటాలో లోపం ఉంటే సరిచేసే దారి ఇది.

భీమవరం మాల

దండోరా అన్నా, నీ కొట్లాటని గౌరవిస్తాను. కానీ మా పేటకి రా. మాలలందరూ ఉద్యోగాలు కొట్టేశారనే మాట విని మా అమ్మ నవ్వుకోవడం కాదు, బాధపడుతుంది. ఆవిడ ఇప్పటికీ చేపల చెరువుల దగ్గర కూలికి పోతుంది. మా పేటలో సర్కారు ఉద్యోగం ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పంపకం ఎలా జరగాలన్నది తేలేలోపు పంచుకోవాల్సిన పోస్టులే కరిగిపోతున్నాయి. పర్మినెంట్ పోస్టు ఖాళీ అయితే కాంట్రాక్టు, ఆ తర్వాత అవుట్‌సోర్సింగ్. బ్యాక్‌లాగ్ పోస్టులు, అంటే నింపకుండా మిగిలిపోయిన రిజర్వుడు ఖాళీలు, ఏళ్ల తరబడి నింపరు. మనం మనం కొట్టుకుంటుంటే ఆ ఫైలు ఎవరూ అడగరు.

దండోరా

ఆ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. బ్యాక్‌లాగ్ కోసం ధర్నా అంటే నీతో కలిసి కూర్చుంటా. వర్గీకరణ మీద మాత్రం వెనక్కి తగ్గను.

విశాఖ రెల్లి వీధి

మీరంతా డాక్టర్లు, ఆఫీసర్ల గురించి మాట్లాడుతున్నారు. నేను ఇంకో ఉద్యోగం గురించి చెప్తాను. తెల్లారకముందే మా వీధి నుంచి చీపుర్లు, తోపుడు బండ్లతో బయల్దేరతారు. మా తాత మున్సిపాలిటీలో పాకీ పని చేశాడు, మా నాన్న డ్రైనేజీ, మా అన్న చెత్త లారీ. ఈ పనికి ఏ కోటా లేదు. అయినా మా పక్కన వేరే కులంవాళ్లు ఎవరూ పనిచెయ్యలేదు. ఇక్కడ మెరిట్ అడిగినవాళ్లు ఇంతవరకూ కనపడలేదు. మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయేవాళ్ల వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం.

నేను డిగ్రీ చదివాను, గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. ఒకటో గ్రూపులో పెట్టిన ఆ ఒక్క శాతం మా వీధికి మొదటిసారి వచ్చిన ఆశ.

డల్లాస్ శ్రీను

తమ్ముడూ, నీకు ఉద్యోగం రావాలని మనసారా కోరుకుంటున్నాను. గ్రూప్-2 పుస్తకాలు, టెస్ట్ సిరీస్ ఏం కావాలన్నా మెసేజ్ పెట్టు.

నా అభిప్రాయం మాత్రం చెప్తాను. నీలాంటి కుర్రాడికి రిజర్వేషన్ ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. రెండు తరాలు కలెక్టర్లుగా చేసిన ఇంటికి ఉండటం మీదే అభ్యంతరం. బీసీలకి క్రీమీలేయర్ (బాగుపడ్డ కుటుంబాలను కోటా నుంచి పక్కన పెట్టే వడపోత) పెట్టారు కదా, మిగతావాళ్లకి ఎందుకు పెట్టకూడదు?

సింహపురి (రిటైర్డ్ చరిత్ర లెక్చరర్)

క్రీమీలేయర్ 1992లో ఇంద్రా సహానీ తీర్పుతో వచ్చింది. అదే తీర్పు మొత్తం రిజర్వేషన్ మామూలుగా 50 శాతం దాటకూడదంది. ప్రస్తుతం ఓబీసీలకు ఏడాదికి 8 లక్షల ఆదాయ పరిమితి. ఆ లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, కాబట్టి అది వడపోసేది మనం అనుకున్నంత లేదు. 2024 వర్గీకరణ తీర్పులో కొందరు జడ్జీలు ఎస్సీ, ఎస్టీలకీ క్రీమీలేయర్ ఆలోచించాలన్నారు. కొద్ది రోజులకే కేంద్రం ఆ ఉద్దేశం లేదని చెప్పింది.

పేదరికం ఒక్కటే కొలత కావాలన్నవాళ్ల కోరిక 2019లో 103వ సవరణతో కొంత తీరింది. ఈడబ్ల్యూఎస్ 10 శాతం అదే. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకు అందులో చోటు లేదు. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు మూడు-రెండు తేడాతో దాన్ని నిలబెట్టింది. రైతుబిడ్డ గారి మేనకోడలికి ఆ దారి ఉంది, ఉండాలి కూడా.

పీహెచ్‌సీ డాక్టర్

ఆఫీసరు కూతురి గురించి నా మాట. మా పాప ఇంగ్లీష్ మీడియంలో చదువుతోంది, దానికి నేనున్నాను. దానికంటే మా ఊళ్లో మా చిన్నాన్న మనవరాలికి సీటు ముందు రావాలంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఒకే కులంలో మొదటి తరం పిల్లలకి ముందు అవకాశం ఇచ్చి, మిగిలితే మాకు ఇవ్వండి. ఆ సీటు కోటా దాటి బయటికి పోకుండా చూడండి, చాలు. సరిపోయే అభ్యర్థి దొరకలేదని పోస్టు ఖాళీగా ఉంచేసే అలవాటు ఎంత లోతుగా ఉందో మాకు తెలుసు, మా భయం అదే.

డబ్బు ఉంటే కులం పోతుందా అంటే, ఇల్లు అద్దెకి వెతుక్కున్నప్పుడు నా జీతం స్లిప్ చూశాక కూడా "మీరేవిట్లు?" అని అడిగారు. ఆ ఇల్లు మాకు ఇవ్వలేదు.

లెక్కల మాస్టారు

ప్రైవేటు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు ఉద్యోగాలన్నీ అక్కడే. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం అచ్చువేశారు. పేపర్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకేలాంటి చదువు, ఒకేలాంటి అర్హతలతో అప్లికేషన్లు పంపారు. మారింది పేరు మాత్రమే. దళితుల పేర్లున్న అప్లికేషన్లకి పిలుపులు తక్కువ వచ్చాయి. తెలివైనవాణ్ణి పేరు చూసి పక్కన పెట్టడం కూడా దేశానికి నష్టమే కదా శ్రీనూ.

మన గురుకులాలు చూడండి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకి ఎవరెస్ట్ ఎక్కింది. ఎవరూ ఆమెకి కొండ ఎత్తు తగ్గించలేదు. తిండి, బూట్లు, శిక్షణ ఇచ్చారు, నమ్మకం ఇచ్చారు. అలాంటి పిల్లలు ఒక్కో మండలంలో ఎంతమంది ఉన్నారో మనం వెతకనే లేదు.

తెనాలి రైతుబిడ్డ

అందరూ ఓపిగ్గా చెప్పారు. నా ఆలోచన ఇప్పుడు ఎక్కడుందో చెప్తాను. రిజర్వేషన్ దేశాన్ని వెనక్కి లాగుతోందనే మాట ఇక నేను అనను, మాస్టారి లెక్కలకి నా దగ్గర జవాబు లేదు. మొదటి తరానికి ముందు ఇవ్వాలన్న పట్టు మాత్రం వదలను, డాక్టర్ గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. మా పిల్లకి సీటు రాకపోవడానికి అసలు కారణం గవర్నమెంట్ కాలేజీల్లో సీట్లు చాలకపోవడం, మిగిలినవి కోట్లలో అమ్ముడుపోవడం. ఆ విషయం తనకి కూర్చోబెట్టి చెప్తాను.

భీమవరం తమ్ముడు చెప్పిన బ్యాక్‌లాగ్ పోస్టుల లెక్క మామూలువాళ్లం ఎవరమైనా తెలుసుకోవచ్చా? ఎక్కడ అడగాలి?

పాలమూరు అక్క

తెలుసుకోవచ్చు తమ్ముడూ. ప్రతి నియామక శాఖలో రోస్టర్ రిజిస్టర్ ఉంటుంది. ఏ పాయింటు ఏ వర్గానిది, ఎవరితో నింపారు, ఏది ఖాళీ అన్నీ అందులో రాసి ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆఫీసులో పౌర సమాచార అధికారి పేరున తెల్లకాగితం మీద రాయండి. పది రూపాయల ఫీజు. "ఫలానా కేడర్‌లో రోస్టర్ రిజిస్టర్ నకలు, భర్తీ కాని ఎస్సీ, ఎస్టీ, బీసీ పోస్టుల సంఖ్య, ఎప్పటి నుంచి ఖాళీగా ఉన్నాయి" అని మూడే అడగండి, ఎక్కువ అడిగితే తిప్పుతారు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు.

2000లో 81వ సవరణ వచ్చాక, నింపని పోస్టుల్ని తర్వాతి ఏళ్లకి తీసుకుపోయినా వాటిని 50 శాతం పరిమితిలో కలపరు. కాబట్టి పరిమితి దాటిపోతుందని ఎవరైనా సాకు చెబితే ఒప్పుకోకండి.

భీమవరం మాల

అక్కా, మా జిల్లాకి నేను వేస్తాను. విద్యాశాఖ, వైద్యశాఖ రెండూ.

దండోరా

ఒంగోలు నాది. జవాబు కాపీలు రాగానే ఇక్కడే పెడతా.

తెనాలి రైతుబిడ్డ

గుంటూరుకి నేను వేస్తాను. అందులో ఈడబ్ల్యూఎస్ ఖాళీలు కూడా అడుగుతాను అక్కా, పర్లేదా?

పాలమూరు అక్క

తప్పకుండా అడగండి. అదీ రోస్టర్‌లో ఉన్నదే.